నాలుగో టిక్కెట్టు

సముద్రం చూడ్డానికి ఎంత పెద్దదైనా చివరికి వచ్చి మగవాళ్ల నిక్కరు జేబుల్లోనే చేరుతుంది. జేబులు తిరగేసి, బకెట్లో ముంచి, దులిపి, మళ్లీ తిరగేస్తూ ఆమె అదే అనుకుంది. ఎన్నిసార్లు జాడించినా ఇసుక రాలుతూనే ఉంది. గెస్ట్‌హౌస్ వెనకాల సిమెంటు గట్టు, గట్టు మీద ఓ కుళాయి, రెండు కొబ్బరిచెట్లకి కట్టిన తాడు. ఆ తాడుకి అవతల, పిలిస్తే పలికేంత దూరంలో సముద్రం.

బకెట్లో నిక్కర్లు మూడు. ఒకటి మొగుడిది. మిగతా రెండూ మొగుడి స్నేహితులవి. "మావాడివి ఎలాగూ ఉతుకుతున్నావు కదా వదినా, వీటినీ ఓసారి ముంచెయ్యవా" అని వెళ్తూ వెళ్తూ గట్టు మీద పడేసి పోయారు. ఈ ప్రయాణంలో ఆమె నెత్తికొచ్చిన పనులన్నీ ఆ 'ఎలాగూ' మీద ఎక్కే వచ్చాయి. ఎలాగూ లేచావు కదా, టీ చెప్పు. ఎలాగూ బ్యాగు తెరిచావు కదా, నా ఛార్జరు కూడా తియ్యి. ఎలాగూ నీళ్లలోకి దిగడం లేదు కదా, మా ఫోన్లు చూస్తూ ఉండు.

ఆ స్నేహితుల్లో ఒకడు పొడుగు. ఎక్కిన ప్రతి పడవలోనూ పైకప్పుకి తల కొట్టుకుని, ప్రతిసారీ ఇదే మొదటిసారన్నట్టు ఆశ్చర్యపోయేవాడు. రెండోవాడు కెమెరా. మెడలోంచి ఆ వస్తువు తీసి ఎవరికీ ఇవ్వడు, ఒక్క సందర్భంలో తప్ప. "అందరం పడాలి వదినా, కాస్త నువ్వు నొక్కు." అలా అందరూ పడ్డ ఫోటోలు బోలెడు. అందులో ఆమె మాత్రం లేదు.

పెళ్లయి మూడు నెలలు నిండలేదు. నిజానికి ఇది ఇద్దరి ప్రయాణం కావాల్సింది. అతనే అన్నాడు, మంచం మీద బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఊపుతూ: "మనిద్దరమే అయితే రెండో రోజుకి ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోవాలి. మావాళ్లనీ పిలుద్దాం, సందడిగా ఉంటుంది. ప్లాను గీను ఏమీ వద్దు. బ్యాగు భుజాన వేసుకుని దీవి నుంచి దీవికి పోవడమే. దారిలో మనవాళ్లు అక్కడక్కడా ఉన్నారు, అందర్నీ కలుద్దాం." ఆ ఉత్సాహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. అతని మొహం చూసుకోవడానికి ఆమెకి ఏ అభ్యంతరమూ లేదనీ, రెండో రోజే కాదు, ఇరవయ్యో రోజు కూడా లేదనీ చెప్పడానికి సిగ్గేసింది.

"మనవాళ్లలో నా వాళ్లు ఒక్కరైనా ఉండాలి మరి," అంది.

"ఎవరు?"

"దోమ."

"దోమా?"

"హాస్టల్లో నా రూమ్మేటు. లైటార్పగానే చెవి దగ్గర గుయ్యిమంటూ కబుర్లు మొదలుపెట్టేది. ఇప్పుడు ఓ చిన్న దీవిలో నీళ్ల కింద ఈత నేర్పుతోంది. మన పెళ్లికి సెలవు దొరకలేదని ఫోన్లో ఏడ్చింది చూడు, అదే."

"తప్పకుండా వెళ్దాం. నీ దోమ చేత కుట్టించుకోకుండా తిరిగొచ్చేది లేదు!" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె అప్పుడే బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

సర్దుతుంటేనే తెలిసింది, ప్లాను లేకుండా తిరగడానికి ఎవరో ఒకరు బోలెడు ప్లాను వెయ్యాలని. ఏ పడవ ఎప్పుడు కదులుతుందో, ఏ గదిలో ఎన్ని మంచాలుంటాయో, పొడుగుకి ఏ మందు పడదో, కెమెరా కళ్లద్దాల పెట్టె ఎక్కడ మరిచిపోయాడో, అన్నీ ఆమె తలలో ఉండాలి. వీపున తమ ఇద్దరి పెద్ద బ్యాగు ఉండేది, అప్పుడప్పుడూ అతను మోసేవాడు. ముందు వైపు, పొట్ట మీద, చిన్న బ్యాగు. అందులో నలుగురి పాస్‌పోర్టులు, నలుగురి ఛార్జర్లు, మాత్రలు, ఎండకి రాసుకునే క్రీము, ఎవరివో తడి తువ్వాళ్లు. "మా వదిన కంగారూలాగా ఎంత ముద్దుగా ఉందో చూడండ్రా" అని పొడుగు అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. భుజం మీద పట్టీ ఒరుసుకుపోయిన చోట మంట పుడుతున్నా నవ్వింది.

ఆమె లేని ఆ ఫోటోలే ఫోన్లో అత్తగారికి పంపేవాడు అతను. "వాడు చిక్కిపోయాడమ్మా, వేళకి తింటున్నాడా? ఎండలో తిప్పకు, వాడి ఒళ్లు సున్నితం," అనేది ఆవిడ. తిప్పుతున్నది ఎవరో అడగాలనిపించేది. "అలాగే అత్తయ్యా, టోపీ పెట్టిస్తాను," అనేది. టోపీ పెట్టేది కూడా. ఎంత పెట్టినా అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. వాటిని చూస్తే మాత్రం ఎంత అలసటలోనైనా ఆమెకి నవ్వొస్తుంది. చిన్నపిల్లాడి చెవులు. రాత్రి వాటికి చల్లగా క్రీము రాస్తే "నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణే" అంటాడు. ఆ మాట మొదట్లో తీపిగా ఉండేది. ఇప్పుడూ తీపే, కానీ తిన్నాక నోరు ఎండిపోయే తీపి.

చిన్న చిన్న సంతోషాలకి లోటు లేదు, అది ఒప్పుకోవాలి. ఆమెది రంగుల కంపెనీలో షేడ్లు సరిచూసే ఉద్యోగం. డబ్బాలో కలిపిన నీలం, నమూనాలోని నీలం ఒకటేనా కాదా అని రోజంతా చూడటమే పని. సెలవు అడిగినప్పుడు మేనేజరు, "వెళ్లిరా అమ్మా, నీ సీటుకి ఏం తొందర్లేదు. ఆడవాళ్లకి రంగులు పుట్టుకతోనే తెలుస్తాయిగా, చీరల పుణ్యమా అని. ఎవరో ఒకరిని కూర్చోబెడతాను," అన్నాడు. అయిదేళ్లు నేర్చుకున్న పని చీరల పుణ్యం అయిపోయింది. ఆ మేనేజరుని తీసుకొచ్చి ఈ ఒడ్డున నిలబెట్టాలి. ఒకే ఒక్క సముద్రంలో ఎన్ని నీలాలు! ఒడ్డున గాజుముక్క లాంటిది, పడవల దగ్గర నెమలి మెడ లాంటిది, ఆ దూరాన స్కూలు సిరా లాంటిది. ఫోన్లు, చెప్పులు, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుని చూసేది ఆమె. ఇన్ని దీవులు తిరిగినా మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగలేదు. కాపలాకి మనిషి కావాలి కదా.

మూడో నిక్కరు తాడు మీద వేస్తుండగా అతను వచ్చాడు, ఒళ్లంతా తడిగా.

"బుజ్జీ, ప్లాను మారింది."

"ప్లాను లేదన్నావుగా?"

"అదే మారింది!" తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. "మా కాలేజీ బ్యాచ్‌వాడొకడు రేపు పెద్ద దీవికొస్తున్నాడు. ఆరేళ్లయింది వాణ్ణి చూసి. రేపు పొద్దున్నే పడవెక్కి అక్కడికి పోయి, రెండు రోజులుండి, అట్నుంచి అటే విమానాశ్రయం."

"మరి దోమ?"

"అదే చెప్తున్నా." తువ్వాలు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. "ఆ చిన్న దీవిలో ఏముందట? మావాళ్లు అక్కడేం చేస్తారు? అయినా మీ ఆడవాళ్లిద్దరూ కలిస్తే చేసేది కబుర్లేగా. వీడియో కాల్ చేసుకోండి హాయిగా, ఎంతసేపైనా. నా ఫోన్లో నెట్ వాడుకో."

ఎంత దయ. ఇప్పటిదాకా కలిసిన అతని స్నేహితులు గుర్తొచ్చారు. మొదటి దీవిలో హోటలు నడిపే అతను, అక్కడ అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు. ఆ తర్వాత కొత్తగా ఉద్యోగం మారినతను, వాడి బాధలు వినడానికని మళ్లీ ఆగారు. వాళ్లందరూ కలిసినప్పుడు చేసింది కబుర్లు కాక మరేమిటి? అప్పుడెవరూ వీడియో కాల్ మాట ఎత్తలేదే.

"అలిగావా?" అన్నాడు.

"లేదు."

"అదీ! అందుకే నువ్వంటే నాకిష్టం. మా పొడుగు పెళ్లాం అయితే ఈపాటికి ఊరంతా వినపడేలా అరిచేది." బుగ్గ గిల్లి వెళ్లిపోయాడు.

దోమ పంపిన వాయిస్ మెసేజి పొద్దుటినుంచీ ఫోన్లో ఉంది. ఇంకోసారి విన్నది. "పిచ్చుకా! రేపు నీకోసం రేవు దగ్గరే కూర్చుంటానే. ఎల్లుండితో మా స్కూలు మూసేస్తున్నాం, వానలొచ్చేశాయి. తర్వాత నేను ఓ ఓడలో పనికి ఎక్కేస్తా, మళ్లీ ఎప్పుడు దొరుకుతానో నాకే తెలీదు. నిన్ను నీళ్లలోకి దింపకుండా మాత్రం పంపను. ముక్కు పట్టుకుని ముంచుతా, ఏమనుకున్నావో! మీ ఆయన్నీ తీసుకురా, నేనో చిన్న పరీక్ష పెట్టాలి ఆయనకి."

పిచ్చుక. ఈ మధ్య ఆమెని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. బుజ్జి, వదిన, అమ్మాయి, కోడలు పిల్ల, కంగారూ. 'రావడం కుదరడం లేదే' అని టైపు చేసింది. తుడిచేసింది. మళ్లీ టైపు చేసింది. బాధ కూడా కాదది, ఉత్త అలసట. ఎండ వల్లో మోత వల్లో వచ్చింది కాదు. నలుగురి వస్తువులు ఎక్కడెక్కడున్నాయో తెలిసిన ఏకైక మనిషి కావడం వల్ల వచ్చింది. మళ్లీ తుడిచేసి, తాడు మీద నిక్కర్లు తిరగేసింది.

మర్నాడు పొద్దున రేవంతా జనం. "టిక్కెట్లు నువ్వు చూసుకో బుజ్జీ, మాకేం తెలుసు," అని ముగ్గురూ చెక్క వంతెన మీద ఫోటోలకి వెళ్లిపోయారు. అది వాళ్ల పద్ధతి. ఏ పడవో, ఏ వేళకో, ఏ సీటో ఏనాడూ చదివి ఎరగరు.

కౌంటర్లో ఓ నడివయసు మనిషి, ఒక చేత్తో మనవడిని ఆడిస్తూ ఇంకో చేత్తో టిక్కెట్లు చింపుతోంది. ఆ పడవల్లో ఓ ఏర్పాటు ఉంది. ఒకే పడవ నాలుగైదు దీవులవాళ్లని ఎక్కించుకుంటుంది. ఎవరు ఎక్కడ దిగాలో తెలియడానికి చొక్కా మీద రంగు కాగితం అంటిస్తారు. చిన్న దీవులకి పెద్ద పడవ పోలేదు కాబట్టి, దారిలో సముద్రం మధ్యనే నాటుపడవ వచ్చి ఆ రంగువాళ్లని దించుకుంటుంది.

"ఎక్కడికి?" అని అడిగింది కౌంటరావిడ.

"పెద్ద దీవికి. మూడు," అంది ఆమె. నాలుగు అనబోయిన నోరే అది. ఆవిడ మూడు ఎర్ర కాగితాలు ఇచ్చి, ఇక అంతేనా అన్నట్టు చూసింది. వెనకాల వరస కదలడం లేదని ఎవరో గొణుగుతున్నారు.

"చిన్న దీవికి ఒకటి."

పచ్చ కాగితం చేతిలోకొచ్చాక ఎవరైనా గమనించారేమోనని వెనక్కి తిరిగింది. పరీక్షలో పక్కవాళ్ల పేపర్లోకి చూసినట్టు. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.

వంతెన మీదికి వెళ్లి ముగ్గురి చొక్కాలకీ ఎర్ర కాగితాలు అంటించింది. వాళ్లు మెడలు కూడా వంచలేదు. తన జాకెట్టుకి తనే పచ్చది అంటించుకుంది. మోసం చెయ్యడం ఆమెకి ఇష్టం లేదు. అతని మోచెయ్యి పట్టుకుని, "నేను చిన్న దీవి దగ్గర దిగుతున్నాను. దోమ దగ్గర ఉండి, ఎల్లుండి సాయంత్రం విమానాశ్రయానికి వచ్చేస్తాను," అంది.

"ఊఁ ఊఁ, సరే సరే. ఒరేయ్, ఆ మూల నుంచి తియ్యరా, వెలుతురు బాగుంది!" అన్నాడు అతను.

పడవ కదిలాక ఆమె చిన్న బ్యాగు విప్పింది. పొడుగు ఒళ్లో వాడి పాస్‌పోర్టు, మాత్రలు పెట్టింది. కెమెరా ఒళ్లో వాడి పాస్‌పోర్టు, కళ్లద్దాల పెట్టె, ఛార్జరు, వాడిదే తడి తువ్వాలు.

"ఇప్పుడెందుకు వదినా? నీ దగ్గరే ఉండనీ, నేను పారేసుకుంటాను," అన్నాడు పొడుగు కంగారుగా.

"పారేసుకోకు," అంది.

మొగుడి ఒళ్లో అతని పాస్‌పోర్టు, టోపీ, క్రీము డబ్బా. "బ్యాగు శుభ్రం చేస్తున్నావా? మంచిదే," అని అతను మళ్లీ ఫోన్లోకి తల వంచాడు. బ్యాగు ఎంత తేలికైపోయిందంటే, పట్టీ భుజం మీద ఉందా లేదా అని ఆమె తడుముకుని చూసుకుంది.

కాసేపటికి ఇంజను శబ్దం తగ్గింది. ఎక్కడో సముద్రం మధ్య పడవ ఆగింది. పక్కకి నాటుపడవొకటి వచ్చి చేరింది. అందులో బక్కపల్చటి పడవవాడు నిలబడి, పచ్చ కాగితం వాళ్లు రావాలని చేత్తో సైగ చేశాడు. ఆమె లేచింది.

"ఏయ్, కూర్చో. అది మనది కాదు," అన్నాడు మొగుడు.

"నాది."

అప్పుడు చూశాడు ఆమె జాకెట్టు మీదికి. తర్వాత తన చొక్కా మీదికి. "ఇదేంటి, జోకా?"

"పొద్దున చెప్పాను. సరే అన్నావు."

"నేనేదో... నువ్వు ఒక్కదానివే ఎలా వెళ్తావు? నీకు ఈత కూడా రాదు."

"అందుకే వెళ్తున్నా."

పొడుగు లేవబోయి పైకప్పుకి తల కొట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. "మరి మేం దిగాల్సిన హోటలేది వదినా?" అన్నాడు తల తడుముకుంటూ. చుట్టూ జనం చూస్తున్నారు. మొగుడి చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. గబగబా పడవవాడి వైపు తిరిగి, వచ్చిన ఇంగ్లీషులో, "మా ఆవిడ. మాతోనే ఉంది. కాగితం పొరపాటున అంటించారు," అని చెప్పాడు. పడవవాడు అది విన్నాడు. విని, అతన్ని కాదు, ఆమెని చూశాడు.

ఆమెకి అతని మీద కోపం రాలేదు. గాలికి జుట్టు రేగిపోయి, ఒళ్లో టోపీ జారిపోతూ, బడిలో మొదటి రోజు వదిలేసిన పిల్లాడిలా ఉన్నాడు. జాలేసింది. ఆ జాలే తనని ఇన్నాళ్లూ ఒడ్డున కూర్చోబెట్టిందని కూడా అనిపించింది.

"నువ్వూ రా," అంది మెల్లగా. నిజంగానే అంది. "టిక్కెట్టు మార్చమని నేను అడుగుతాను. దోమకి నిన్ను చూడాలని ఉంది."

అతను వెనక్కి తిరిగి స్నేహితుల మొహాల్లోకి చూశాడు.

"ఎంతమంది?" అని అడిగాడు పడవవాడు.

"ఒక్కరు," అని ఆమె చెయ్యి చాపింది.