షిఫ్టు మిట్ట

ఆదివారం పొద్దున్నే పాత బనీనుతో సైకిలు గొలుసు తుడిచి, సీసాలో చల్లారిన టీ పోసుకుని, రెండు రొట్టె ముక్కల మధ్య చీజ్ పెట్టి రుమాల్లో కట్టుకుని బయల్దేరడం ఇడ్వల్‌కి ఏళ్ళ తరబడి అలవాటు. అతను వీధిలోకి రాగానే గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళకి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చేది. అతనూ తల ఎత్తేవాడు కాదు. ముందు చక్రాన్ని చూసుకుంటూ సాగిపోయేవాడు.

కుమ్ హెబోగ్ లోయలో దారి అతనికి కంఠతా వచ్చు. ఒకప్పుడు బొగ్గు బండ్లు నడిచిన రైలు కట్ట ఇప్పుడు సైకిళ్ళ దారి. దాని వెంట పోతే రేకుల ఫ్యాక్టరీ వస్తుంది. కప్పు ఎగిరిపోయి, లోపల చెట్లు మొలిచి చాలా కాలమైంది. ఆ తర్వాత ఇనుము కరిగించిన కొలుముల వరస. వాన పడితే గొర్రెలు వాటి నోళ్ళలో దూరి పడుకుంటాయి. రాతి వంతెన కింద నుంచి బయటపడితే, ఒకప్పుడు మనుషుల్ని లోపలికి దించిన గని చక్రం కనిపిస్తుంది. గని మూసేశాక దానికి ఎర్ర రంగు వేసి చూపరుల కోసం నిలబెట్టారు. అక్కడ మొదలవుతుంది షిఫ్టు మిట్ట. మెలికలు తిరుగుతూ కొండ నెత్తి దాకా పోయే రోడ్డు అది.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి, చనిపోయిన గనివాళ్ళు ఆ రోడ్డు వెంట ఇళ్ళకి నడిచిపోతారు. మనుషులు కనపడరు, చేతులు మాత్రం తెలుస్తాయి. సైకిలు తొక్కుతూ ఆయాసపడేవాళ్ళ వీపున అరచెయ్యి ఆనించి పైదాకా తోస్తారు. గనిలో బొగ్గు తొట్లు తోసిన చేతులు, ఊరికే ఉండలేవు. కార్డిఫ్ నుంచి సెలవు రోజుల్లో వచ్చే కుర్రకారు సరిగ్గా ఆ వేళకి మిట్ట కిందకి చేరేలా చూసుకుంటారు. పైకి చేరేసరికి వాళ్ళ రంగురంగుల చొక్కాల వీపుల మీద నల్లటి వేళ్ళ ముద్రలు పడతాయి. కొండ మీద కాఫీ కొట్టు నడిపే రెనాటా తన కుర్చీలన్నిటికీ ముదురు రంగు గుడ్డ కుట్టించింది. బొగ్గు మరకకి ఏ సబ్బు మంచిదో కూడా ఆవిడే చెప్తుంది.

ఇడ్వల్ వీపు మీద మాత్రం ఎన్నడూ ఒక్క మరక పడలేదు.

దానికి కారణం ఊళ్ళో అందరికీ తెలుసు. ఏడాది పాటు సాగిన సమ్మె ఇంకొన్నాళ్ళలో ముగుస్తుందనగా ఇడ్వల్ మిగతావాళ్ళని వదిలి పనిలోకి వెళ్ళాడు. అప్పుడు అతని భార్యకి నెలలు నిండాయి. పొయ్యిలో వెయ్యడానికి బొగ్గు లేదు, ఇల్లంతా మంచుగడ్డలా ఉండేది. కిటికీలకి ఇనుప వల బిగించిన బస్సులో, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని గేటు దాటాడు. రోడ్డుకి రెండు వైపులా జనం తిట్టారు, ఉమ్మారు. గనిలో అతని పక్కనే పనిచేసే జతగాడు గ్లిన్ మాత్రం ఏమీ అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత కొట్లలో ఇడ్వల్ భార్యకి సరుకులు ఇవ్వడం మానేశారు. ఆమె చంటిపిల్లని తీసుకుని స్వాన్సీలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. అంతలో గనే మూతపడింది.

మొదట్లో ఇడ్వల్ కూడా షిఫ్టు వేళకే మిట్ట ఎక్కి చూశాడు. ముందువాళ్ళు, వెనకవాళ్ళు గాలిపటాల్లా పైకి పోతుంటే అతను ఒక్కడే రొప్పుతూ ఎక్కేవాడు. అయినా మానలేదు. ఎవరూ తొయ్యనందుకేనేమో, వయసు మీద పడినా అతని కాళ్ళు ఇనప కడ్డీల్లా ఉండేవి. ఒకసారి రెనాటా కొట్లో కుర్రాడొకడు అతని వీపు చూసి, "ఈ ఊరికి కొత్తా పెద్దాయనా? చొక్కా తళతళలాడుతోందే" అని నవ్వాడు. రెనాటా గబగబా బల్ల తుడవసాగింది. ఇడ్వల్ టీ పూర్తిగా తాగి, కప్పు తనే గల్లా దగ్గర పెట్టి బయటికి వచ్చాడు.

ఒక వసంతంలో గ్లిన్ పోయాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. బతికున్నన్నాళ్ళూ ఇడ్వల్ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. శవయాత్ర రోజున ఇడ్వల్ ఇంట్లో తెర వెనక నిలబడి, పెట్టె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు.

కొన్ని వారాలకి వానలో గ్లిన్ భార్య నెస్టా వచ్చి తలుపు తట్టింది. సమ్మె నాటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. ఇడ్వల్‌కి ఏం చెయ్యాలో తోచక, "లోపలికి రండి" అన్నాడు.

"రాను. ఒక్క మాట అడిగి పోతాను. నన్ను మిట్ట ఎక్కించాలి."

ఆమె చెప్పింది ఇది. గ్లిన్ ఇప్పుడు ఆ రోడ్డు మీదే ఉండి ఉంటాడు. అతని చెయ్యి ఒక్కసారి వీపున తగిలితే చాలు. ఆమెకి సైకిలు రాదు కనుక మొన్నొకసారి సైకిలు క్లబ్బువాళ్ళు ఇద్దరు తొక్కే సైకిలు మీద వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఒకేసారి ఎన్ని చేతులు పడ్డాయంటే, వాటిలో గ్లిన్‌ది ఏదో తెలియలేదు. పైన దిగి చూసుకుంటే కోటు వీపంతా నలుపే.

"నీతో వస్తే మిగతావాళ్ళు దగ్గరికి రారు. వస్తే ఆయనొక్కడే రావాలి," అంది.

"ఆయన కూడా రాడేమో."

"రాకపోతే రాడని తెలుస్తుందిగా."

ఇడ్వల్ తల ఊపాడు.

అనుకున్న రోజున, నెస్టా క్లబ్బులో అడిగి తెచ్చిన ఆ ఇద్దరి సైకిలుతో, సరిగ్గా షిఫ్టు వేళకి మిట్ట కిందకి చేరారు. ముందు సీటు మీద ఇడ్వల్, వెనక నెస్టా. ఆమె బిర్రబిగుసుకుని కూర్చుంది. పెడళ్ళు తిరుగుతుంటే కాళ్ళు వాటి వెంట పోవడమే తప్ప బలమంతా అతనిదే. పక్కనుంచి కుర్రాళ్ళు నవ్వుకుంటూ, వెనక నుంచి చేతులు తోస్తుంటే రివ్వున దూసుకుపోయారు. వీళ్ళ చుట్టూ మాత్రం గాలి కూడా కదల్లేదు.

మొదటి మెలిక దాటారు. రెండోదీ దాటారు. ఒకప్పుడు గనివాళ్ళకి దీపాలిచ్చిన గది గోడ దగ్గర నెస్టా, "ఇక్కడ లేడు," అంది. దిగుదామా అని ఇడ్వల్ అడిగితే వద్దంది. అతనికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తన ఒక్కడి బరువు ఎక్కించడం వేరు, ఇద్దరిది వేరు. ఆఖరి నిటారు ఎత్తు దగ్గర చక్రం తిరగనా మాననా అన్నట్టయింది. ఇంకో రెండు తొక్కుళ్ళు, తర్వాత పడిపోవడమే అనుకున్నాడు.

అప్పుడు అతని వీపు మీద, వెన్నుకి ఎడమ పక్కన, ఒక అరచెయ్యి పడింది.

అన్నేళ్ళలో అతని వీపు మీద మనిషి చెయ్యి పడటం అదే మొదటిసారి. సైకిలు కదిలింది. అతను వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"ఎవరిది?" అని అడిగాడు.

"నాది," అంది నెస్టా. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. "ఆయనది నా మీద ఉంది. చర్చి మెట్ల దగ్గర జనంలోంచి నన్ను ఇలాగే నడిపించేవాడు. నువ్వు తొక్కు, ఆగకు."

ఇడ్వల్ తొక్కాడు. గ్లిన్ ఆమెని, ఆమె ఇతన్ని, ముగ్గురూ ఒకరినొకరు ఆనుకుని కొండ నెత్తికి చేరారు. రోడ్డు చదునైన చోట నెస్టా తన చెయ్యి తీసేసింది. "వెళ్ళిపోయాడు," అంది.

దిగి, రాళ్ళ గోడ మీద కూర్చున్నారు. ఇడ్వల్ రుమాలు విప్పి రొట్టె సగం ఆమెకి ఇచ్చాడు. ఆమె తింటూ చాలాసేపు గని చక్రం వైపు చూసింది.

"కింద గనిలో ఆయన ఎలా ఉండేవాడు?" అని అడిగింది. "ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. అడిగితే, చీకటి, ఇంకేముంటుంది అనేవాడు. ఆయన పక్కన పనిచేసినవాళ్ళలో ఇంక మిగిలింది నువ్వే."

ఇడ్వల్‌కి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడే అలవాటు పోయింది. గొంతు సవరించుకోవలసి వచ్చింది.

"పాడేవాడు," అన్నాడు.

"గ్లినా? చర్చిలో పెదవులు కదపడమే కదా."

"కింద పాడేవాడు. ఒక్కటే పాట. రెండో చరణం రాదు. మొదటిదే పొద్దుటి నుంచి షిఫ్టు అయ్యేదాకా. పక్క సొరంగంలోవాళ్ళు బతిమాలేవాళ్ళు, కొత్తది నేర్చుకోవయ్యా అని. ఒకడైతే అతని నోట్లో రొట్టె కుక్కాడు. అది నమిలి మింగి మళ్ళీ మొదలెట్టాడు."

నెస్టా నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడని పట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇంకా?" అంది.

ఇడ్వల్ లేచి సైకిలు నిలబెట్టాడు. వచ్చిన వైపు తిప్పితే చిటికెలో ఊళ్ళో ఉంటారు. ఒక క్షణం అటు చూసి, హ్యాండిలు అవతలి లోయ వైపు తిప్పాడు. అటు నుంచి ఊరికి రావాలంటే కొండంతా చుట్టాలి.

"ఎక్కు, చెప్తా," అన్నాడు. "ఇటు దారి దూరం."