నిండు కూజా

"పొద్దున్నుంచీ ఆ గుడ్డముక్కతో కుస్తీ పడుతున్నావు. కాస్త టీ దొరుకుతుందా?" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే. దొరక్కేం, దొరికింది. కప్పు చేతికిచ్చి ఆమె మళ్లీ బొమ్మ ముందు కూర్చుంది.

పిల్లలు పైచదువులకి వెళ్లాక ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరింది. పాతకాలపు బొమ్మ ఒకటి ముందుపెట్టి ఉన్నదున్నట్టు దించమంటారు మాస్టారు. ఆమెకొచ్చింది స్నానానికి కూర్చున్న రాణి బొమ్మ. వెలుగంతా రాణి మీదే. పక్కన చీకట్లో నీళ్ల కూజా ఎత్తి పట్టుకుని ఓ పరిచారిక.

రాణి చకచకా వచ్చేసింది. చిక్కంతా పరిచారికతోనే. "చేతులు చెడగొట్టావమ్మా" అన్నారు మాస్టారు నిన్న. "అసలు బొమ్మలో ఎంత సుకుమారంగా ఉన్నాయి! నువ్వేమో నరాలు తేల్చావు, భుజం కుంగదీశావు. ఆరకముందే టర్పెంటైన్‌తో తుడిచెయ్." కావాలని చేసింది కాదు. కూజా నిండా నీళ్లున్నాయనుకుంది, బ్రష్షు దానంతటదే అలా పోయింది.

ఆయన కూడా కప్పు పట్టుకొచ్చి తొంగిచూశాడు. "మా అక్క కొత్తింట్లో పెట్టుకునే బొమ్మ. ఈ చేతులేంటే? సొంత తెలివితేటలు మానేసి సరిచెయ్."

సరేనని గుడ్డ టర్పెంటైన్‌లో ముంచింది గానీ, చెయ్యాడలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారు ఆమె చేతులు పట్టుకుని, "వెన్నముద్దలే!" అని మురిసిపోయి, ఆ వెన్నముద్దలకే బకెట్ తగిలించింది. పాపం, ఆవిడకీ ఎవరో తగిలించే ఉంటారు. ఈయనా చెడ్డవాడేం కాదు. చెయ్యి లాగుతోందంటే పరిగెత్తుకెళ్లి బామ్ తెస్తాడు, బకెట్ మాత్రం అందుకోడు. మరి ఈ పిల్ల? ఎన్నాళ్లుగా నిలబడిందో ఆ చీకట్లో! బరువుగా ఉందా తల్లీ అని ఒక్కరైనా అడిగారా? ఆ పిల్ల మీద కడుపులోంచి ప్రేమ పొంగుకొచ్చింది. వెనకాలే ఏడుపూ వచ్చింది.

తుడిచింది. చేతుల్ని కాదు, కూజాని. రంగు కలిపి, దాన్ని తీసుకెళ్లి రాణిగారి పక్కన నేలమీద దింపింది. నరాల జోలికి పోలేదు.

ఖాళీ కప్పు ఇవ్వడానికి వచ్చిన ఆయన గాభరాపడ్డాడు. "అయ్యో, కూజా కింద పెట్టేశావేంటే? ఇలాంటి బొమ్మ అక్కకెలా ఇస్తాం?"

"ఇవ్వద్దు. ఇది నాది."

"అది కాదే, మరి రాణికి నీళ్లెవరు పోస్తారు?"

ఆమె నవ్వింది.

"రాణికీ చేతులున్నాయండీ. నేనే వేశాను."