సుబ్బరావమ్మ వంతు

డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటేనే అర్ఫా ఫోనుకు సిగ్నల్ నిలకడగా అందేది. అందుకే సాయంత్రం ఆరు కావస్తుంటే ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ మెడలో వేసుకుని మెట్లెక్కేది. కింద వాకిట్లో పరుపులోకి దూది కూరుతున్న తండ్రి మీరా హుస్సేన్ తలెత్తి చూసి, "ఎక్కింది మా కలెక్టరమ్మ" అనేవాడు. అందులో ఎగతాళి ఎంతో, మురిపెం ఎంతో అర్ఫాకు ఏనాడూ అంతుచిక్కలేదు.

అది కోడింగ్ నేర్పే క్లాసు. డబ్బు కట్టక్కర్లేదు. కంప్యూటరు ఉద్యోగాల్లో తమ తరఫు మనుషులు ఎవరూ లేని ఇళ్ళ ఆడపిల్లల కోసం కొంతమంది కలిసి నడుపుతున్నారు. చెప్పేది అఖిల మేడం. దర్శి దగ్గర పల్లెలో పుట్టి ఇప్పుడు బెంగళూరులో పని చేస్తోంది. అర్ఫా సత్తెనపల్లిలో డిగ్రీ చదివింది కానీ, అక్కడి ల్యాబులో ఒక్కో కంప్యూటరు ముందు నలుగురు కూర్చునేవాళ్ళు. మౌసు ఎప్పుడూ నోరున్నవాళ్ళ చేతిలోనే ఉండేది. అర్ఫాకు నోరు లేదు. ఈ క్లాసులో ఎవరి ఫోను వాళ్ళదే. తప్పు రాస్తే ఎర్ర గీత పడుతుంది, అంతే. గీత నవ్వదు.

మొదటి క్లాసులు ఫిబ్రవరితో అయిపోతాయి. ఆ తర్వాత ఆరు నెలల పెద్ద క్లాసు ఉంది. అందులో సీటు వచ్చినవాళ్ళకు వాడుకోవడానికి ల్యాప్‌టాప్ కూడా ఇస్తారు. సీటు కావాలంటే ఒక పని చేసి చూపించాలి. తమ ఊరివాళ్ళకు పనికొచ్చేదేదో తయారుచేసి, దాన్ని నిజం మనుషుల చేత వారం రోజులు వాడించాలి. ఆ వారంలో దాన్ని ముట్టుకోకూడదు. మధ్యలో ఏం మార్చినా వారం మళ్ళీ మొదటికొస్తుంది. చివరి ఆదివారం అందరి ముందూ చూపించి, వాడినవాళ్ళలో ఒకరి చేత మాట్లాడించాలి.

మీరా హుస్సేన్ ముందే చెప్పేశాడు. "మిరప కోతలయ్యేదాకా నేర్చుకో తల్లీ. సీటొస్తే నేనేం అడ్డం రాను. రాకపోతే మాత్రం మిల్లుకెళ్ళు. మేస్త్రితో మాట్లాడి ఉంచా." మిల్లంటే నూలు మిల్లు. పొద్దున్నే బస్సు వస్తుంది, చీకటి పడ్డాక దించుతుంది. ఆ పనికి వెళ్ళినవాళ్ళు డాబా ఎక్కి క్లాసు వినే వేళకు ఇంటికి చేరడం అర్ఫా ఎప్పుడూ చూడలేదు.

ఏం తయారుచెయ్యాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. వాళ్ళ వీధిలో ఆరిళ్ళ ఆడవాళ్ళు మిరప కోతలకు కూలీలను పిలవరు. ఒకరి తోటకు అందరూ వెళ్తారు, తర్వాత ఇంకొకరి తోటకు అందరూ వెళ్తారు. దీన్ని బదులు అంటారు. బదుల్లో ఎవరి తోట ముందు, ఎవరిది వెనక అన్నదే పెద్ద తగువు. పండిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులుంటే మంచుకు తెల్లబడి తాలు అవుతుంది కాబట్టి ఎవరికి వాళ్ళకు తమదే ముందు కోయాలని ఉంటుంది. ఏటా కోతలకు ముందు బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని అరుచుకునేవాళ్ళు. అందరికన్నా పెద్ద గొంతు శివపార్వతిది. ఆమె అరిస్తే అవతలి వీధిలో కుక్కలు లేచేవి.

అర్ఫా ఒక పేజీ తయారుచేసింది. దానికి 'వంతు' అని పేరు పెట్టింది. ఆ రోజు కోతకు వచ్చినవాళ్ళ పేర్ల మీద సాయంత్రం వేలితో నొక్కాలి. ఇతరుల తోటల్లో ఎక్కువ రోజులు కోసిన ఇంటికి తర్వాతి వంతు వస్తుంది. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని ఆమె అనుకుంది.

మొదటి రోజు శివపార్వతి ఫోను చూసుకుని ఇంతెత్తున లేచింది. "నాది ఎకరం పైన ఉంది, నన్ను ముందు వెయ్యాలా వద్దా? ఎవరే ఇది రాసింది?"

"నేను కాదత్తా, ఫోను" అంది అర్ఫా మెల్లగా. గొంతెత్తి వాదించలేని పిల్లకు ఆ మాట గొడుగులా పనికొచ్చింది. శివపార్వతి ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, దానితో పోట్లాడడం ఎలాగో తెలియక నోరు మూసుకుంది. ఆ ఏడు బోరింగు దగ్గర అరుపుల్లేవు. "మన అర్ఫా భలే పని చేసిందే" అని పక్కింటి జైతున్‌బీ నలుగురిలో మెచ్చుకుంటే తల్లి రసూల్‌బీ కూతురి వంక చూసి కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమె సంతోషం అంతవరకే కనబడుతుంది.

శుక్రవారం వచ్చింది. వారం ఎల్లుండితో నిండుతుంది. ఆదివారం ఎవరి చేత మాట్లాడించాలా అని ఆలోచిస్తే అర్ఫాకు ఆ ఆరిళ్ళలో ఒకరైన సుబ్బరావమ్మ తట్టింది. మాటకారి మనిషి, మొహమాటం లేదు, కెమెరా ఎదురైనా బెదరదు. కోత నుంచి వచ్చాక ఆమె ఇంటికి వెళ్తే తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. తోటలో ఉంటుందని పక్కింటివాళ్ళు చెప్పారు.

సుబ్బరావమ్మ తోట వాగు అవతల మెరక మీద ఉంది. అక్కడ మొక్క ముందు నాటుతారు, కాయ ముందు పండుతుంది. అర్ఫా గట్టెక్కి చూసింది. తోట ఎర్రగా లేదు. ఎరుపు మీద సున్నం చిలకరించినట్టు అక్కడక్కడా తెలుపు తిరిగింది. సాలు మధ్యలో డెబ్భై ఏళ్ళ మనిషి నేల మీద కూర్చుని, అందినంత మేర కోసి, కూర్చునే ముందుకు జరుగుతోంది. ఆమెకు మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళయింది.

"ఏంటి మామ్మా, ఒక్కదానివే?"

"ఏం చెయ్యనే, కాయ ఆగనంటోంది. నా వంతు ఎప్పుడో చివర వేశాడుగా మీ ఫోనాయన." నవ్వింది. "నా మీద ఏం కోపమో ఆయనకి. పండక్కి అరిసె పెట్టలేదనేమో."

అర్ఫాకు నవ్వు రాలేదు. ఆమె గట్టు మీదే కూర్చుండిపోయింది.

సుబ్బరావమ్మ బదుల్లో కాయ కోయదు. ప్రతి తోట దగ్గరా చెట్టు నీడన చీరల ఊయలలు కట్టి పిల్లల్ని చూస్తుంది. ఏడ్చిన పిల్లను ఊపుతుంది, పాకే పిల్లాడిని పురుగూ పుట్రా లేని చోట కూర్చోబెడుతుంది. ఆమె ఉందన్న ధైర్యంతోనే తల్లులు సాలు పట్టి వంచిన నడుము ఎత్తకుండా కోస్తారు. అర్ఫా కూడా ఆ ఊయలల్లో పెరిగిన పిల్లే. కానీ సాయంత్రం పేజీలో నొక్కేది కోతకు వంగినవాళ్ళ పేర్లు. సుబ్బరావమ్మ పేరు ఎవరూ నొక్కలేదు. అర్ఫా కూడా నొక్కలేదు. పిల్లల్ని పట్టడం కూడా కోతతో సమానమని ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. బోరింగు దగ్గర అరుపుల్లో మాత్రం ఏటా ఒక అరుపు ఉండేది. "ముందు ఆ ముసల్దాని తోట కోసి చావండే, మెరక మీద మాడిపోతోంది!" అది శివపార్వతి అరుపు. ఈ ఏడు అరవడానికి చోటే లేకపోయింది.

"ఆదివారం ఫోన్లో మాట్లాడాలా? దానికేం, మాట్లాడతా. బాగుంది అంటే చాలా, ఇంకేమన్నా కలపాలా?" అంటోంది సుబ్బరావమ్మ.

అర్ఫా నేరుగా శివపార్వతి ఇంటికి వెళ్ళింది. రేపటి నుంచి వంతు ఆమెదే. తోట పెద్దది కాబట్టి మంగళవారం దాకా సాగుతుంది. శివపార్వతి మనవరాలికి అన్నం పెడుతూ కూర్చుని ఉంది.

"అత్తా, మామ్మ తోట తెల్లబడుతోంది. రేపు అది కోసి, ఎల్లుండి మీది మొదలెడదామా?"

"ఫోను ఏమంటోంది?"

"మీదే అంటోంది."

"మరి? ఆ రోజు నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే ఏమన్నావు? నేను కాదత్తా, ఫోను అన్నావా లేదా? ఇవాళ నేనూ అదే అంటున్నా. నేను కాదమ్మా, ఫోను." మనవరాలి నోట్లో ముద్ద పెట్టి, "తిను, నువ్వైనా మాట మీద నిలబడు" అంది.

ఆరయింది. అర్ఫా డాబా ఎక్కింది కానీ క్లాసులోకి వెళ్ళలేదు. చీకటి పడుతుంటే దూరంగా కల్లాల మీద పట్టాలు కప్పుతున్న మనుషులు కనబడుతున్నారు. ఆదివారం సాయంత్రం దాకా ఆగితే సీటు వస్తుంది. ఆ తర్వాత మార్చుకోవచ్చు, ఎవరూ కాదనరు. అడ్డంగా ఉన్నవి మూడు మంచు రాత్రులు, అంతే. సుబ్బరావమ్మ కూడా ఏమీ అనదు. అనదన్నదే అర్ఫాను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆమె పేజీ లోపలి రాత తెరిచింది. కోసినవాళ్ళతో పాటు పిల్లల్ని పట్టినవాళ్ళ పేరు కూడా నొక్కేలా, కోసిన రోజూ పిల్లల్ని పట్టిన రోజూ ఒక్కటే అయ్యేలా మార్చింది. పెద్ద పనేం కాదు, నాలుగు వరసలు. గడిచిన రోజులన్నిటికీ సుబ్బరావమ్మ పేరు చేర్చింది. ఒకచోట ఎర్ర గీత పడింది. దిద్దింది. వంతు మారింది.

అప్పుడు అఖిల మేడంకు ఫోను చేసి జరిగింది చెప్పింది. అంతసేపు ఆమె ఏకబిగిన మాట్లాడడం అఖిల ఎప్పుడూ వినలేదు.

"మా అమ్మమ్మ కూడా ఇలాగే పిల్లల్ని పట్టేది" అంది అఖిల చివరికి. "కానీ అర్ఫా, నీకోసం నియమం మారిస్తే మిగతా పిల్లలకేం చెప్పను? నీ వారం మళ్ళీ మొదటికొచ్చింది."

"తెలుసు మేడం."

"జూన్‌లో ఇంకో బ్యాచ్ ఉంది. అందులో నీ పేరు రాసుకుంటా. అప్పటిదాకా క్లాసు మానకుండా వినాలి."

"అలాగేనండి" అంది అర్ఫా. మిల్లు సంగతి చెప్పలేదు.

తెల్లారుతూనే వాకిట్లో శివపార్వతి గొంతు మోగింది. "ఏమే అర్ఫా! నిన్న నాదని చెప్పి ఇవాళ ముసల్దాని పేరు చూపిస్తోందేంటే నీ ఫోను? ఎవడే మార్చింది?"

వీధిలో అందరూ సంచులు పట్టుకుని నిలబడ్డారు. రసూల్‌బీ పొయ్యి దగ్గర నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. అర్ఫా గొడుగు పట్టుకుందామనుకుంటే 'నేను కాదు, ఫోను' అన్న ఆ మాట ఇంకా అక్కడే ఉంది.

"నేను" అంది. "ఫోను కాదత్తా, నేనే మార్చా. మొదట్లో తప్పు రాసింది కూడా నేనే. పిల్లల్ని పట్టిన రోజులు వెయ్యలేదు. మీ మనవరాలు రోజంతా మామ్మ దగ్గరేగా ఉంటోంది. అది పని కాదా?"

శివపార్వతి ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. "అబ్బో! నోరుందే దీనికి!" అని మిగతావాళ్ళ వైపు తిరిగింది. "ఆ ముక్క నిన్న నా మొహానే అనుంటే నేను కాదందునా? ఫోను, ఫోను అని నసిగింది. పదండే, నిలబడ్డారేం, మెరక తోట మాడిపోతోంది!"

మెరక తోటకు అందరూ వెళ్ళారు. కొంత తాలు పోయింది, ఎక్కువ భాగం దక్కింది. సుబ్బరావమ్మ తన తోట గట్టు మీదే ఊయలలు కట్టుకుని, "నా తోటలో నాకే కూలీ పనా" అని సణుగుతూ శివపార్వతి మనవరాలిని ఊపింది.

ఆదివారం అర్ఫా స్క్రీన్ మీద ఒక మూల గడిలో కూర్చుని అందరివీ చూసింది. వాడరేవు నుంచి క్లాసు వినే శ్రీదివ్య పడవలవాళ్ళ కోసం చేసిన పేజీకి చప్పట్లు కొట్టింది. సీట్ల పేర్లు చదువుతున్నప్పుడు తన పేరు ఉండదని తెలిసినా చివరిదాకా చెవి ఒగ్గి వింది. అయిపోయాక స్టూలు చంకన పెట్టుకుని దిగింది.

కింద తండ్రి పరుపు కుడుతున్నాడు. తల్లి పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"సీటు రాలేదు నాన్నా. మళ్ళీ జూన్‌లో."

మీరా హుస్సేన్ తల ఊపాడు. "మేస్త్రి నిన్న కూడా అడిగాడు."

"జూన్ దాకా ఆగమను" అంది రసూల్‌బీ, దారం మీద నుంచి చూపు ఎత్తకుండా.

"మిల్లు ఆగుతుందంటే?"

"ఆగకపోతే నువ్వెళ్ళు. దూది నీకు అలవాటేగా."

అర్ఫా నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం ఆమె డాబా ఎక్కబోతుంటే తండ్రి వెనక నుంచి పిలిచాడు. మిగిలిపోయిన పరుపు గుడ్డతో కుట్టిన చిన్న దిండు ఒకటి విసిరాడు. సరిగ్గా ఆ స్టూలుకు సరిపోయేంత ఉంది.

"ఆ స్టూలు గట్టిది" అన్నాడు. "జూన్ దాకా కూర్చోవాలిగా."