నలభై బటన్లు

వరద నీళ్లు మూడో మెట్టు తడిపి వెనక్కిపోయిన ఏడాది అది. ఆఫీసు మునగడంతో కోడలి ఉద్యోగం వంటింటి పక్క బల్లమీదికొచ్చింది. ఆ రోజునుంచి ఇంటిల్లిపాదికీ ఆమె పిలిస్తే పలికేంత దగ్గరైంది.

ఆమె కంప్యూటరు తెరలు తయారుచేసేది. వెనకటికి తెరమీద కనబడేది ఒక ఫైల్లో, అది నడిచే తీరు ఇంకో ఫైల్లో రాసేవారట. ఇప్పుడు రెండూ ఒకేచోట, ఆ నడిపించే కోడ్ మధ్యలోనే బటన్లూ గడులూ రాసెయ్యడమే. కొత్త పద్ధతికి ఆఫీసులో అందరూ తడబడ్డారు గానీ ఆమెకు మంచినీళ్లప్రాయమైంది. పొయ్యిమీద పాలు, చెవిలో మేనేజరు, ఒళ్లో మడతపెట్టాల్సిన బట్టలు. ఏ పనికాపని విడిగా ఆమెకెప్పుడు జరిగింది కనుక?

"నీ పనేముందే, బటన్లు పెట్టడమేగా! కూర్చునేదానివి, కాస్త నా చొక్కా ఇస్త్రీ చెయ్యరాదూ," అనేవాడు భర్త. ఆయనదీ కూర్చుని చేసే ఉద్యోగమే. అది మాత్రం పని.

పిలుపులన్నీ గుర్తుండక ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. బటన్ మీద అసలు మాట ఇంకా ఖాయం కాకపోతే, ఆ ఖాళీలో ఇంటిపని రాసుకునేది. తర్వాత చెరిపేసేది.

ఒక ఆస్పత్రికోసం చేసిన తెరను వాళ్లకు చూపించే రోజు వచ్చింది. వాళ్లకు నచ్చితే టీమ్ లీడ్ ఆమే, నచ్చకపోతే ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. బటన్ మీద "అపాయింట్‌మెంట్ తీసుకోండి" అని రాయబోతుండగా "చొక్కా!" అని కేక. లేచింది. తిరిగొచ్చేసరికి కంప్యూటర్లో మీటింగు మొదలై, మేనేజరు ఆ తెర అందరికీ తెరిచేశాడు.

నలభైమంది డాక్టర్ల పేర్లు వరసగా దిగాయి. బటన్ ఒక్కసారి రాస్తే చాలు, ఎందరుంటే అందరి కిందా అదే వస్తుంది. వచ్చింది. ప్రతి డాక్టరు పేరు కిందా, "మామయ్యకు టీ, చక్కెర వద్దు."

మేనేజరు దగ్గాడు. ఆమె వెనక మడతకుర్చీలో మామగారు, మూడో తరగతి చదువు, కూడబలుక్కుంటూ చదివాడు. "మా... మ... య్య..."

ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఏమ్మా, ఇది నొక్కితే ఏమవుతుంది?"

ఏదో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నేను లేస్తానండీ."

అవతల డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మా ఇంట్లోనూ ఉందమ్మా ఈ బటన్. ఆ మాట మార్చు చాలు. పనంతా నీ చేతిమీదుగానే జరగాలి."

"ఆమే కదండీ మా లీడ్," అన్నాడు మేనేజరు, పుట్టినప్పటినుంచీ అదే అనుకుంటున్నవాడిలా.

ఆమె ఒక్కచోట దిద్దింది. నలభై చోట్లా మారిపోయింది. ఇంట్లో ఆ ఒక్క చోటు ఎక్కడుందా అని సాయంత్రందాకా ఆలోచించింది. తన మోకాళ్లలోనే ఉందని తోచింది.

మర్నాడు పొద్దున అత్తగారు మంచం మీంచే, "అమ్మాయ్, మీ మామయ్యకు టీ!" అంది. కోడలు లేవలేదు. భర్త పేపరు దించి చూశాడు. అయినా లేవలేదు.

మామగారు "ఊఁ" అని తనే లేచి వంటింట్లోకి వెళ్లాడు. అగ్గిపెట్టె ఎక్కడని అడిగాడు. గిన్నె ఎక్కడని అడిగాడు. టీపొడి ఎక్కడని రెండుసార్లు అడిగాడు. చక్కెర డబ్బా మాత్రం అడక్కుండానే దొరికింది.