డ్రిల్లు మాస్టారి లెక్క

పది నెలల బుజ్జిదానికి నెమ్ము చేసింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి గండం గట్టెక్కింది గాని, దగ్గు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఇక ఇంటికి ప్రయాణం కట్టొచ్చన్నాడు డాక్టరు. పిల్ల నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూసుకోమన్నాడు. యాభై దాటితే మాత్రం ఎక్కడున్నా సరే రైలు దిగి, దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తమన్నాడు.

తల్లికి ధైర్యం జాస్తి. తెల్లారితే పోస్టుమాస్టరుగా చార్జి తీసుకోవాలి. మందుల సంచీ పక్కన పెట్టుకుని, పిల్లను ఒళ్లో వేసుకుని రైల్లో దర్జాగా కూర్చుంది. తండ్రి బడిలో డ్రిల్లు మాస్టారు. ఈల వేస్తే నాలుగొందలమంది పిల్లలు కిక్కురుమనరు. అంతటి మనిషీ కూతురు దగ్గితే చాలు, బెంబేలెత్తిపోతాడు. లెక్కపెట్టే పని ఆయనదే. స్టాప్‌వాచీ ఎప్పుడూ మెడలోనే వేలాడుతుంటుంది మరి!

మధ్యాహ్నం పిల్ల నిద్రపోగానే మాస్టారు వాచీ నొక్కాడు. నిమిషం తిరిగేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. డెబ్భై ఆరు. మళ్లీ లెక్కపెట్టినా డెబ్భై ఆరే. అంతలో రైలు ఏదో స్టేషనులో ఆగింది. దిగిపోదాం పదమంటూ ఆయన పెట్టె లాగేశాడు.

ఆమె పిల్లను పొదువుకుని లేవబోయింది. చార్జి మాట గుర్తైనా రాలేదు. కానీ పిల్ల పెదాలు ఎర్రగానే ఉన్నాయి, డొక్కలు ఎగరెయ్యడం లేదు, అరగంట కిందటే కడుపునిండా పాలు తాగింది. ఎక్కడో తేడా కొడుతోందనుకుని, తన ఎదురుగా పైకి లెక్కపెట్టమంది.

పిల్ల పొట్ట లేచింది. మాస్టారు ఒకటన్నాడు. పొట్ట దిగింది. రెండన్నాడు.

"ఆగండాగండి," అంది ఆమె. "చేతులెత్తితే ఒకటి, దించితే రెండు అనడానికి ఇది మీ డ్రిల్లు క్లాసు కాదండీ బాబూ. లేచి దిగితే రెండూ కలిపి ఒక్కటే."

తనే నిమిషం నిండా లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. నమ్మకం కోసం ఇంకోసారి చూసింది. ముప్పై ఎనిమిదే.

రైలు కదిలింది. మాస్టారు పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె నవ్వబోయి ఆగింది. ఆయన చూపు ఇంకా పిల్ల పొట్ట మీదే ఉంది, పెదాలు లెక్కపెడుతూనే ఉన్నాయి. జబ్బు చేసిన దగ్గర్నుంచీ ఈ మనిషి పిల్లను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదని, దూరంగా ఉండి లెక్కలే పెడుతున్నాడని ఆమెకు అప్పుడు తట్టింది.

ఆయన్ను కూర్చోబెట్టి, పిల్లను గుండెల మీద పడుకోబెట్టింది. "లెక్కపెట్టకండి. ఊరికే పట్టుకోండి."

పిల్ల ఊపిరి మెడకు వెచ్చగా తగిలేసరికి మాస్టారికి కన్నీళ్లు ఆగలేదు. ఆమె రుమాలు అందిస్తే తీసుకోలేదు. రెండు చేతులూ పిల్ల మీదే ఉన్నాయి.