అచ్చాయమ్మ విసనకర్ర

నేను ఒక విసనకర్రను. తాటాకు ఒళ్లు, అంచుకు ఎర్రగుడ్డ. పాలకొల్లు సంతలో నన్ను ఏరి కొన్నది అచ్చాయమ్మ. అప్పుడు ఆవిడకు యాభై దగ్గరపడ్డాయి. చలికాలం పొద్దున కూడా ముఖమంతా చెమటతో నన్ను టపటపా ఆడించేది. ఆ విసురుడు నేను మరిచిపోలేదు. కొన్నేళ్లకు అది తగ్గింది, నన్ను మేకుకు తగిలించారు.

మళ్లీ దింపింది కోడలు నీలవేణి. ముప్ఫై ఒక్కేళ్ల పిల్ల, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నెలసరి ఆగిపోయిందని తెలియగానే ఇంటిల్లిపాదీ శుభవార్తే అనుకుని ఎగిరి గంతేశారు. పరీక్ష చేస్తే కాదని తేలింది. పైగా ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టేవి. దాంతో "వేడి చేసింది" అన్నారు. ఈ మాట దొరికితే మనుషులకు ఇక ఏ జబ్బుకీ వేరే పేరు అక్కర్లేదు! సబ్జా నీళ్లు, బార్లీ, మజ్జిగ పోసి పోసి ఆ పిల్ల పొట్టను కుండ చేశారు. చెమటలు మాత్రం ఆగలేదు. "నాకేమైపోతోందో" అని నాకొక్కదానికే వినబడేలా ఏడ్చేది. నాకు తెలుసు, ఇది ఆ పాత విసురుడే. చెప్పడానికి నోరేది?

డిసెంబరులో ఒక ఉదయం అచ్చాయమ్మ శాలువా కప్పుకుని కాఫీ తాగుతోంది. ఎదురుగా కోడలు నన్ను ఆడిస్తోంది. ఆవిడ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఇదేంటే అమ్మాయ్, అచ్చం నాలాగే విసురుకుంటున్నావ్! ముట్లుడిగేటప్పుడు నాకూ ఇంతే. నీకిప్పుడే ఏంటి? లే, చీర మార్చుకో. ఆ మజ్జిగ అక్కడ పడెయ్."

ఆటోలో నేనూ వెళ్లాను. డాక్టరమ్మ స్కాను తీయించింది, థైరాయిడుకీ హార్మోన్లకీ రక్తం ఇప్పించింది. నెల పోయాక హార్మోన్ల పరీక్ష మళ్లీ చేయించి గాని మాట తేల్చలేదు.

"అండాశయాలు ముందే పని తగ్గించేశాయమ్మా. నలభై లోపే కొందరికిలా అవుతుంది. జన్యువుల వల్ల కావచ్చు, ఒంటి రక్షణశక్తి అండాశయాల మీదే తిరగబడొచ్చు, క్యాన్సర్ చికిత్స వల్లా రావచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. నువ్వు చేసిన తప్పేం లేదు. ఎముకలకీ గుండెకీ మంచిది, హార్మోను మాత్రలు వాడాలి. పిల్లలు కావాలంటే కష్టమేగాని, దారులున్నాయి."

"పిల్లల సంగతి తర్వాత చూద్దామండీ," అంది అచ్చాయమ్మ, "ముందు మా పిల్ల బాగుండాలి."

నీలవేణి ఏడ్చేసింది, ఈసారి అందరికీ వినబడేలా. నాకు ఎంత సంతోషమైందో!

మాత్రలతో చెమటలు తగ్గాయి, నా ఉద్యోగం ఊడింది. ఇప్పుడు వానాకాలం సాయంత్రాలు కుంపటి దగ్గర నా కొలువు. అత్తాకోడళ్లు లేత పొత్తు నాదంటే నాదని పోట్లాడుకుంటూ మొక్కజొన్నలు కాలుస్తారు. నా ఎర్ర అంచు సగం కాలిపోయింది, ఒళ్లంతా మసి. పోతే పోనీ. నిప్పుల పక్కనే కూర్చుని కూడా నీలవేణి నన్ను ఒక్కసారైనా తనవైపు తిప్పుకోదు.