దుప్పి ఈల

రాజగోపాల్ గారికి తుపాకీ ఉంది, లైసెన్సు ఉంది, కొండ యజమాని అనుమతీ ఉంది. లేనిదల్లా దుప్పిని రప్పించేలా కూసే నోరు. యంత్రంతో కూత వినిపించి వేటాడటం ఐర్లండ్‌లో నేరం, నోటితోనే కూయాలి. ఆ విద్య నాకు మా తాత దగ్గర అబ్బింది. అనంతపురం మెట్టల్లో ఆయన కౌజు పిట్టల్ని కూసి రప్పించేవాడు. దుప్పి ఈల నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఏం ఖర్మో!

రాజగోపాల్ గారు మా ఆసుపత్రిలో పెద్ద సర్జన్. నేను కాంట్రాక్టు డాక్టర్ని, జనవరితో సరి. సర్జన్‌గా ఎదగాలంటే కావాల్సిన శిక్షణ పోస్టు ఒకటి ఖాళీ అయింది, ఎంపిక ఆయన చేతిలో ఉంది. "నువ్వు మనోడివి త్రినాథ్, నేను చూసుకుంటా కదా!" అన్నారు. నేను మురిసిపోయి, టాలట్ ఊరి ఆసుపత్రిలో వచ్చిన ఉద్యోగాన్ని వద్దని రాసేశాను. "కాగితం మీద ఏమైనా ఇచ్చారా?" అని నా భార్య మైథిలి అడిగితే కసురుకున్నాను. మన పెద్దాయన్ని పట్టుకుని కాగితం అడుగుతామా?

అక్టోబరులో నాలుగు శనివారాలు ఆయన వెంట వేటకెళ్లి, విక్లో కొండల్లో వానకు తడుస్తూ కూశాను. ఒక్క దుప్పీ రాలేదు.

ఐదో శనివారం నా ఈలకు అవతలి గట్టు మీంచి బదులొచ్చింది. ఇంకో మగదుప్పి తన చోటికి వచ్చిందనుకుని అది దిగి వస్తోంది. తుపాకీ సర్దుకుంటూ ఆయన మామూలుగా అన్నారు:

"అన్నట్టు, ఆ పోస్టు నిన్న వేరేవాళ్లకి ఇచ్చేశామయ్యా. మనోడికే ఇస్తే ప్యానెల్లో బాగోదు కదా. నెక్స్ట్ ఇయర్ చూద్దాం, యు విల్ బి గ్రాండ్, నీకేం కాదు. ఊఁ, కూయి, ఇంకొక్కసారి!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మనిషి నన్ను ఇన్నాళ్లూ వెంట తిప్పుకున్నాడే! మైథిలికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఎండిన ఫెర్న్ పొదల్లో కొమ్ములు కనిపించాయి. నాలుగడుగులేస్తే దుప్పి బయటపడుతుంది. నేను కూశాను. రమ్మనే ఈల కాదు, ప్రమాదం పసిగట్టినప్పుడు దుప్పులు పెట్టే పొట్టి కీచుకూత. అదీ నేర్చుకున్నదే. దుప్పి ఒక్క గెంతున పొదల్లోకి దూరి మాయమైంది.

"బుద్ధుందా? ఏం చేశావయ్యా?"

"నమ్మి వచ్చింది కదా సార్. అలాంటివాళ్లకి ముందే చెప్పేయాలి."

ఆయన మొహం కందిపోయింది. తూటా తీసి జేబులో వేసుకుని కారు వైపు నడిచారు. నన్ను రమ్మని పిలవలేదు.